నిష్పూతీకరణ: మొదటి దశ

లంక జోగారావుకు మందుల గురించి తెలిసినంత బాగా మరే విషయమూ తెలియదు. అయినా అతను గర్వపడేది మాత్రం తన రాత చూసుకుని. వేగులపాలెం ప్రభుత్వాసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా ఫార్మసిస్టు. రోజూ కిటికీ అవతల మూడు నాలుగు వందల మందికి బిళ్లలిస్తూ, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక" అని చెప్పే పని ఎవరైనా చేస్తారని అతని అభిప్రాయం. పై ఆఫీసుకు ఉత్తరం రాయాలంటే మాత్రం జిల్లా మొత్తం మీద తనే రాయాలి.

మందుల గదిలో ఫ్యాను తిరగడం లేదని ఒకసారి రాయవలసి వచ్చింది. మరొకరైతే "ఫ్యాను చెడిపోయింది" అని రాసి ఊరుకునేవారు. జోగారావు "సదరు పంకా గత తొమ్మిది మాసములుగా భ్రమణ విముఖత ప్రదర్శించుచున్నది" అని రాశాడు. కొత్త ఫ్యాను రాలేదు. అయితే జిల్లా ఆఫీసులో గుమాస్తాలందరూ ఆ ఉత్తరాన్ని చేతులు మార్చుకుని చదివారని ఎవరో చెప్పారు. ఆ వేసవంతా జోగారావుకు చెమట పట్టినా చల్లగానే ఉంది.

ఆ ఏడాది ఆరోగ్య శాఖలో పారదర్శకత పక్షోత్సవాలు వచ్చాయి. ఎవరికి పుట్టిన ఆలోచనో తెలియదు. పదిహేను రోజుల పాటు ఏదీ దాచకూడదు, ఏదీ కప్పకూడదు. ఆసుపత్రుల్లో కిటికీ తెరలు పీకేశారు. ఆఫీసుల తలుపులు ఊడదీసి వరండాల్లో పేర్చారు. ఆ ఊపులోనే వేగులపాలేనికి ఒక ఫారం వచ్చింది. అందులో ఒకే ఒక్క ప్రశ్న: "మీ సంస్థయందు పైకి ఒకటి కనబడుచు లోపల మరొకటి ఉన్న అంశములేవి? వాటిని బహిర్గతము చేయుటకు తీసుకొనదలచిన చర్యలేవి?" దాని కింద చిన్న అక్షరాలతో ఒక హెచ్చరిక: "'లేవు' అని వ్రాసిన నివేదికలు స్వీకరింపబడవు."

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ కుసుమకుమారి ఆ ఫారం చూసి తల పట్టుకున్నారు. బయట నూట యాభై మంది రోగులు కూర్చుని ఉన్నారు.

"జోగారావుగారూ, ఇదేదో మీరే నింపేసి పంపించండి. నాకు బుర్ర పనిచెయ్యట్లేదు" అన్నారు.

జోగారావు మందుల గదిలోకొచ్చి కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. పైకి ఒకటి, లోపల మరొకటి. ఎదురుగా అలమరలో ఎర్రవి, పసుపువి, నున్నగా మెరిసిపోయే బిళ్లలు. అతనికి లోపల గిలిగింత పుట్టింది. కలం తీశాడు.

"ఈ సంస్థయందు నలుబది మూడు రకముల మాత్రలు పైకి ఎర్రగను, పసుపుగను, నున్నగను, తీయగను కనబడుచు లోపల చేదుగా ఉన్నవి. తాను ఏమి మింగుచున్నాడో రోగికి కనబడుట లేదు. ఔషధమునకును లబ్ధిదారునకును నడుమ పూత అనెడి దళారి నిలిచియున్నాడు. ఇట్టి మాత్రలకు దశలవారీగా నిష్పూతీకరణ గావించుట పారదర్శకతకు మిగుల దోహదకారి కాగలదు."

'నిష్పూతీకరణ' అన్న మాట అప్పటిదాకా తెలుగులో లేదు. దాన్ని పుట్టించినందుకు అతను తనలో తను ఐదు నిమిషాలు నవ్వుకున్నాడు. తర్వాత లోపల పట్టలేక స్టాఫ్ నర్సు మేరీ సుగుణను పిలిచి చదివి వినిపించాడు. సుగుణమ్మ కూడా నవ్వింది. నవ్వి, "ఎవరైనా నిజమనుకుంటేనో?" అంది.

"ఎవరు చదువుతారండీ?" అన్నాడు జోగారావు.

డాక్టరు మేడం ఒక చేత్తో రోగి వీపు మీద స్టెతస్కోపు పెట్టి, రెండో చేత్తో సంతకం చేశారు. కాగితం వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత మందుల గది ఫోను మోగింది. అవతల మాట్లాడుతున్నది సంయుక్త సంచాలకులు మార్తాండరావుగారు. పారదర్శకత మొత్తం ఆయన చేతిలోనే ఉంది. కిందటి ఏడాది దాకా మత్స్యశాఖలో ఉండేవారు.

"దళారి అన్న మాట వాడింది తమరేనా?"

జోగారావు కుర్చీలోంచి లేచాడు. "నేనేనండి. అంటే, అది..."

"అద్భుతమండీ! రాష్ట్రంలో తొమ్మిది వందల నివేదికలొచ్చాయి. అందరూ కిటికీ తెరలు, బీరువాలు, మురుగుకాలవ మీద మూతలు. పూతను పట్టుకున్నది మీరొక్కరే. కమిషనరుగారు రెండుసార్లు చదివించుకున్నారు."

జోగారావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అసలు సంగతి చెప్పాలనే అనుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు కూడా. "సార్, మాత్ర మీద పూత ఎందుకుంటుందంటే..."

"ఎందుకుంటుందో మీరే రాశారు కదండీ. ఇంతకీ, ఈ రోజుల్లో ఇలాంటి తెలుగు రాయగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారంటారు?"

ఆ ప్రశ్నకు జోగారావు దగ్గర ఒక జవాబుంది. పూత గురించి చెప్పవలసింది ఆ జవాబు కింద పడి నలిగిపోయింది. "ఏదో, మీ అభిమానం" అన్నాడు. ఆ క్షణంలో తను ఆ నాలుగు ముక్కలు పూర్తిచేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేదని తర్వాత అతనికి చాలాసార్లు అనిపించింది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రయోగాత్మకంగా వేగులపాలెం ఆసుపత్రిలో నిష్పూతీకరణ మొదటి దశ అమలు చేయాలి. నోడల్ అధికారి లంక జోగారావు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో జోగారావు ఫొటో, దాని పక్కన "మందు మీకే – పూత మాకే" అన్న నినాదం. నినాదం కూడా అతనిదే. ఫోనులో అడిగితే అప్పటికప్పుడు ఇచ్చేశాడు.

డాక్టరు మేడం అతన్ని గదిలోకి పిలిచి తలుపు వెయ్యబోయారు. తలుపు లేదు. గొంతు తగ్గించి, "నేను సంతకం పెట్టిన కాగితంలో ఏముందండీ?" అని అడిగారు. జోగారావు చెప్పాడు. ఆవిడ "చదివి పెట్టాల్సింది" అని, మళ్లీ ఓపీలోకి వెళ్లిపోయారు.

టీకాల గదిని నిష్పూతీకరణ కేంద్రంగా మార్చారు. వార్డు సిబ్బంది నుంచి ఆరుగురిని తెచ్చి బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. తలా ఒక ఆపరేషను బ్లేడు, ఒక తడిగుడ్డ. చక్కెర పూత తడిగుడ్డకే ఊడొచ్చింది. కడుపులో కరగకుండా పేగుల దాకా వెళ్లడానికి వేసే గట్టి పూత మాత్రం ఒక పట్టాన వచ్చేది కాదు. గీకాలి. గీకితే బిళ్ల సగం పొడైపోయేది. సాయంత్రానికి అందరి వేళ్లూ ఎర్రగా, పసుపుగా, హోలీ ఆడి వచ్చినట్టున్నాయి.

మర్నాడు మరో సంగతి బయటపడింది. పూత తీసేస్తే బిళ్లలన్నీ ఒకే రకంగా ఉన్నాయి. తెల్లగా, సుద్దముక్కల్లాగా. మూడో రోజున ఒక పళ్లెం కింద పడి రక్తపోటువి, మూర్ఛవి, నొప్పులవి కలిసిపోయాయి.

"ఇప్పుడేది ఏదో ఎవరు చెప్తారు?" అంది సుగుణమ్మ.

"చేదులో తేడా ఉంటుంది. నేను చెప్పగలను" అన్నాడు జోగారావు. ఇరవై ఆరేళ్ల అనుభవం మీద అతనికి అంత నమ్మకం. నేల మీద చతికిలబడి ఒక్కొక్కటే నాలిక చివర ఆనించి చూడసాగాడు. పదిహేనోదాని దాకా బాగానే సాగింది. నలభయ్యోదానికి నాలిక మొద్దుబారిపోయింది. అప్పుడు నోట్లో సున్నం పెట్టినా తెలిసేది కాదు. ఆరు వందల బిళ్లలూ పారబోసి, "ఈ ఊళ్లో నాకన్నా వెర్రివాడు ఇంకెవడైనా ఉన్నాడా?" అన్నాడు. నాలిక తిరగనందువల్ల ఎవరికీ అర్థం కాలేదు.

పై నుంచి వివరణలు రావడం మొదలైంది. గొట్టం బిళ్లల గొట్టం కూడా పూతగానే పరిగణించి, లోపలి పొడిని కాగితంలో పొట్లం కట్టి ఇవ్వవలెను. అయితే పొట్లం మడవరాదు. రోగి మాత్రను మింగుటకు ముందు కనీసం పది సెకన్లు తేరిపార చూడవలెను. చూపు సరిగా లేని రోగులకు పక్కవారు చూసి వివరించవలెను. తొలగించిన పూతను రంగుల వారీగా సీసాలలో భద్రపరచి, తనిఖీకి వచ్చు అధికారులకు చూపవలెను.

పక్క జిల్లాలో ఒక ఆసుపత్రివాళ్లు ఉత్సాహం పట్టలేక, గాయాలకు కట్టే కట్లు కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయా అని అడిగారు. "అంశము పరిశీలనలో ఉన్నది" అని జవాబు వెళ్లింది. ఆ జవాబు ముసాయిదా చూసిపెట్టమని జోగారావుకే పంపారు. 'పరిశీలనలో' ముందు 'క్షుణ్ణమైన' అని చేర్చి తిప్పి పంపాడు. అలవాటు.

ఆ రోజుల్లోనే ఒక మంగళవారం రొంగలి పైడమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. చింతపండు కొట్లో రోజంతా కూర్చుని గింజ తీసే పని. మోకాళ్లు పట్టేసేవి. తొమ్మిదేళ్లుగా జోగారావు కిటికీ దగ్గరికే వచ్చి, నొప్పి ఎక్కువైనప్పుడు వేసుకోవడానికి ఎర్ర బిళ్లలు తీసుకెళ్తుంది. అతను అరచేతిలో పెట్టిన తెల్ల పెళ్లల్ని చూసి ఆమె నోరు తెరిచింది.

"ఓలమ్మ! బిళ్లకి బట్టలిప్పీసినారేటి బాబూ?"

వరసలో వెనకాల ఎవరో నవ్వారు. జోగారావు గొంతు సవరించుకున్నాడు. "ఇది కొత్త పద్ధతమ్మా. ఇంతకుముందు నీకూ మందుకూ మధ్య పూత ఒకటి అడ్డం ఉండేది. ఇప్పుడెవరూ ఉండరు. మందు సూటిగా నీకే."

"మద్దిన ఉండీవోడు మంచోడేమో బాబూ. తెలుసుకున్నారా?"

జోగారావుకు తెలుసు. ఆ బిళ్ల మీద పూత ఎందుకుందో ఆ వరసలో నిలబడ్డవాళ్లందరికన్నా, మార్తాండరావుగారి కన్నా అతనికే బాగా తెలుసు. అది తీసేస్తే మందు కడుపు గోడను కొరుకుతుంది. కానీ గేటు దగ్గర ఫ్లెక్సీలో తన ఫొటో ఉంది. "తిన్నాక వేసుకో, ఏం కాదు" అన్నాడు.

"నువ్విచ్చినావు కదా, ఏసుకుంటాను" అని ఆమె వెళ్లిపోయింది.

పన్నెండో రోజున పైడమ్మను ఆటోలో తెచ్చారు. కడుపులో మంట, నల్లటి వాంతి. డాక్టరు మేడం చూసి మంచం ఇచ్చారు. మంట తగ్గడానికి బిళ్లలు రాశారు. రెండు రోజులైనా తగ్గలేదు. మూడో రోజు పొద్దున్న సుగుణమ్మ మందుల గదిలోకొచ్చి, అరచేతిలో ఒక తెల్ల బిళ్ల పెట్టుకుని జోగారావు ముందు నిలబడింది.

"ఇదేంటో చెప్పండి."

"కడుపు మంటకి ఇచ్చేది."

"దీని మీద పూత ఎందుకుంటుంది?"

జోగారావు బిళ్ల అందుకోబోయి ఆగాడు. ఆ మందుకు కడుపులోని ఆమ్లం తగిలితే చాలు, పేగుల దాకా వెళ్లకుండానే పాడైపోతుంది. ఆ ఆమ్లం బారినుంచి దాన్ని కాపాడేదే పూత.

"నొప్పి బిళ్లకి పూత తీసి మంట తెప్పించాం. మంట బిళ్లకీ పూత తీసి, రెండు రోజులుగా ఆవిడకు పనికిరాని పొడి మింగిస్తున్నాం. మేడం ఇప్పుడే ఇంజెక్షను మొదలుపెట్టారు. ఇంజెక్షనుకి పూత లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే దాన్నీ గీకేవాళ్లం" అంది సుగుణమ్మ. ఆమె గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

జోగారావు వార్డుకు వెళ్లాడు. పైడమ్మ మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది. వద్దన్నాడు. ఆమె అతన్ని దగ్గరకు రమ్మని చెయ్యూపి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ దినం కూడు తినకండా ఏసీసుకున్నాను బాబూ. నాదే తప్పు. డాట్రమ్మ అడిగింది, ఏటేసుకున్నావని. నీ పేరు సెప్పనేదు. నువ్వేటీ బెంగెట్టుకోకు."

 ఎన్నో మాటలు తెలిసిన జోగారావు అక్కడ మంచం కోడు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఆమె అరచేయి అతని చేతి మీద వేసింది. చింతగింజలు తీసి తీసి వేళ్ల చివర్లు నల్లబడి ఉన్నాయి. తను మెరుగుపెట్టిన వాక్యాలన్నీ కలిపినా ఈమె ఒక పూట గింజ తీసినంత పనికూడా చెయ్యలేదని అతనికి అనిపించింది.

తిన్నగా నిష్పూతీకరణ కేంద్రానికి వెళ్లి, "బ్లేడ్లు కింద పెట్టండి. ఇవాళ్టి నుంచి ఎవరూ గీకొద్దు" అన్నాడు.

"ఆర్డరు వచ్చిందాండి?" అని అడిగారు బల్ల చుట్టూ ఉన్నవాళ్లు.

"రాలేదు. వచ్చేలోపు ఇంకొకరు మంచమెక్కుతారు. అడిగితే నేనే ఆపానని చెప్పండి."

ఆ మధ్యాహ్నం నుంచే కిటికీ దగ్గర రంగు బిళ్లలు ఇవ్వడం మొదలుపెట్టాడు. నొప్పులకు తెల్ల బిళ్లలు తీసుకెళ్లినవాళ్ల పేర్లు చూసి, ఒక్కొక్కరినీ పిలిపించి మార్పించాడు. ఆ పని అయ్యాక కూర్చుని కమిషనరు ఆఫీసుకు ఒక కాగితం రాశాడు. ఉద్యోగ జీవితంలో అంత చిన్న ఉత్తరం అతనెప్పుడూ రాయలేదు.

"మాత్రల మీద పూత అవసరం. కొన్ని మందులు కడుపును పాడుచేయకుండా, కొన్ని మందులను కడుపు పాడుచేయకుండా పూత కాపాడుతుంది. పూత తీయాలని నేను రాసింది తమాషాకు. తప్పు నాది. ఒక పెద్దామె ప్రాణం మీదకు వచ్చింది. వెంటనే ఆపించండి."

డాక్టరు మేడం ఈసారి రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. "మిమ్మల్ని సస్పెండ్ చేస్తారేమో" అన్నారు. "చెయ్యనివ్వండి" అన్నాడు జోగారావు. 

సస్పెన్షను రాలేదు. అయిదో రోజున ఆ కాగితమే తిరిగి వచ్చింది. మీద ఎర్ర సిరాతో ఒక వ్యాఖ్య.

"తమరి నోటు పరిశీలించడమైనది. అందలి భాష మిక్కిలి సూటిగా ఉన్నందున పైకి సమర్పించుటకు అనువుగా లేదు. 'తమాషా' అను కారణముపై ఉత్తర్వులు రద్దు చేయుటకు నిబంధనలయందు అవకాశము కానరాదు. 'తప్పు' అను పదమునకు బదులుగా తగిన పదము చేర్చి పునః సమర్పించవలెను."

దాంతోపాటే ఇంకో కాగితం. మొదటి దశ విజయోత్సవం గురువారం వేగులపాలెంలో జరుగుతుంది. మార్తాండరావుగారు విలేఖరుల సమక్షంలో స్వయంగా పూత లేని మాత్రను మింగి చూపిస్తారు.

గురువారం పదకొండింటికి ఆయన వచ్చారు. పొడుగాటి మనిషి. భుజం నొప్పి అట, కుడి చెయ్యి పైకెత్తలేకపోతున్నారు. వరండాలో సీసాల్లో నింపిన ఎర్ర పొడి, పసుపు పొడి వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని చూసి మురిసిపోయారు. "ఇన్నాళ్లూ ప్రజలకూ ఆరోగ్యానికీ మధ్య ఇంత అడ్డుగోడ ఉండేదన్నమాట" అన్నారు. విలేఖరులు రాసుకున్నారు. బల్ల మీద గిన్నెలో, ప్రదర్శన కోసం మొదట్లో గీకి పెట్టిన తెల్ల బిళ్లలు నాలుగైదు మిగిలి ఉన్నాయి. ఆయన గిన్నె అందుకున్నారు.

జోగారావు దగ్గరకొచ్చి చెవిలో, "సార్, వద్దండి. అది నొప్పుల బిళ్ల. పూత లేకపోతే కడుపు కాలిపోతుంది. పొద్దున ఏమైనా తిన్నారా?" అన్నాడు.

"గురువారం నేను ఉపవాసం."

"అయితే అస్సలు వద్దు సార్!"

"నాకు భుజం నొప్పి ఉందండీ. నొప్పి ఉంది, మందు ఉంది. మధ్యలో మీరెందుకు?" అని, ఆయన బిళ్లను పది సెకన్లు తేరిపార చూసి, నోట్లో వేసుకున్నారు. ముఖం నాలుగు వైపులా పోయింది. అయినా చిరునవ్వు చెదరనివ్వలేదు.

"రుచి ఎలా ఉంది సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"చాలా... నిర్మొహమాటంగా ఉంది."

"సార్, మా కెమెరాలో పడలేదు. ఇంకొక్కసారి" అన్నాడు ఇంకొకడు. ఆయన ఇంకొకటి వేసుకున్నారు. ఆలస్యంగా వచ్చిన ఛానెలు కోసం మూడోది. జోగారావు గిన్నె లాక్కోబోతే, ఫొటోకు అడ్డం వస్తున్నాడని పక్కకు తప్పించారు.

ముక్కాలు గంటకు మార్తాండరావుగారు సూపరింటెండెంటు గదిలో కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉన్నారు. నుదుటి మీద చెమట. తలుపు లేదు కాబట్టి సుగుణమ్మ దుప్పటి ఒకటి అడ్డం కట్టింది. డాక్టరు మేడం పరీక్ష చేసి, తెల్లటి మందు నీళ్లు రెండు మూతలు తాగించి, "పాలు తెప్పిస్తున్నాను. ఉపవాసం సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు.

ఆయన జోగారావు వైపు చూశారు. "జోగారావుగారూ, మంటకి... దళారి ఉన్న బిళ్ల ఏదైనా ఉందా?" అని నీరసంగా అడిగారు.

ఉంది. జోగారావు జేబులోంచే తీసి ఇచ్చాడు. ఇచ్చి, మొత్తం చెప్పాడు. తను నవ్వుకోవడానికి రాశానని, ఫోనులో చెప్పబోయి పొగడ్త విని మానేశానని, పక్క వార్డులో ఒక పెద్దామె ఉందని, పది రోజులుగా ఉత్తర్వును తను పాటించడం లేదని. చెబుతున్నంతసేపూ మార్తాండరావుగారు కళ్లు మూసుకునే ఉన్నారు. తర్వాత లేచి, దుప్పటి తొలగించుకుని, పొట్ట పట్టుకునే వార్డుకు నడిచారు. పైడమ్మ మంచం దగ్గర కాసేపు నిలబడ్డారు. ఆమెకు ఆయనెవరో తెలియదు. "ఈ బాబుకీ కడుపు నొప్పేనేటి, పాపం" అంది.

తిరిగొచ్చి కూర్చున్నాక ఆయన గొంతు మారింది. "ఉత్తర్వు నా సంతకంతో వెళ్లింది. కమిషనరుగారు నాలుగు సభల్లో చెప్పుకున్నారు. రద్దు చెయ్యమంటే, అసలెందుకు ఇచ్చావంటారు. ఇంకో ఇరవై రెండు ఆసుపత్రుల్లో సోమవారం నుంచి మొదలవుతుంది. వెనక్కి వెళ్లడానికి దారి లేదు. ముందుకు వెళ్లడానికి ఏదైనా ఉందా? మీరు రాయగలరు."

సోమవారానికి నాలుగు రోజులుంది. ఇరవై రెండు కిటికీలు, ఒక్కో కిటికీ ముందు ఒక వరస. జోగారావుకు ఆ వరసల్లో మోకాళ్లు పట్టుకుని నిలబడ్డ మనుషులు కనిపించారు. ఇక జన్మలో ఇలాంటిది రాయకూడదని వారం కిందటే ఒట్టు పెట్టుకున్నాడు. కలం తీశాడు.

"నిష్పూతీకరణ మొదటి దశ అపూర్వ విజయము సాధించిన దృష్ట్యా, తద్వారా లభించిన అనుభవముల వెలుగులో, రెండవ దశను తక్షణమే ప్రారంభించుట సముచితము. ఇందు మాత్ర యొక్క అంతర్గత సత్యమును జఠర రసముల దురాక్రమణ నుండి కాపాడుటకై, తగు వర్ణములతో కూడిన సత్య పరిరక్షక ఆవరణము అమర్చబడును. సదరు ఆవరణము కలిగిన మాత్రలు ఇప్పటికే అన్ని ఆసుపత్రులయందు సిద్ధముగా ఉన్నందున, మొదటి దశతో నిమిత్తము లేకుండా నేరుగా రెండవ దశలో ప్రవేశింపవచ్చును."

మార్తాండరావుగారు పాలగ్లాసు పక్కన పెట్టి చదివారు. 'దురాక్రమణ' దగ్గర ఆగి, తల ఊపారు. "తప్పు అన్న మాట ఎక్కడా లేదు కదా?"

"లేదండి."

"రద్దు అన్నది?"

"అదీ లేదండి."

"బాగుంది" అని అక్కడికక్కడే సంతకం పెట్టారు. సాయంత్రానికి కమిషనరుగారు ఆమోదించారు. శనివారానికల్లా ఇరవై రెండు ఆసుపత్రులకూ ఫోన్లు వెళ్లాయి. ఒక్క బిళ్ల కూడా గీకకుండా అందరూ రెండో దశలో ప్రవేశించారు. అంత వేగంగా అమలైన పథకం శాఖ చరిత్రలో లేదని చెప్పుకున్నారు. రెండు దశలకూ కలిపి జోగారావుకు ప్రశంసాపత్రం వచ్చింది, ప్లాస్టిక్ పొరలో భద్రంగా.

'సత్య పరిరక్షక ఆవరణము' అన్న మాట రాజధానిలో అందరికీ నచ్చిందని ఎవరో ఫోను చేసి చెప్పారు. జోగారావుకు లోపల మళ్లీ అదే గిలిగింత కలిగింది. కలిగినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా గిలిగింత పోలేదు. తన జబ్బు ఇక నయమయ్యేది కాదని అతనికి అప్పుడు అర్థమైంది.

మూడు వారాలకు పైడమ్మ మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది. చిక్కిపోయింది, కానీ తనంతట తనే నడిచి వచ్చింది. డాక్టరు మేడం నొప్పి బిళ్లలు మాన్పించి, మోకాళ్లకు రాసుకునే మందు, కడుపుకు పసుపు బిళ్లలు రాశారు. జోగారావు బిళ్లలు చేతిలో పెట్టాడు. ఆమె ఒకదాన్ని వెలుగులో పెట్టి చూసింది.

"ఇది ఎనకటి పద్దతి బిళ్లేనా బాబూ? మళ్లీ కొత్తదేటైనానా?"

రెండో దశ అతని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "ఎనకటి పద్ధతేనమ్మా."

"మరి మద్దిన ఏటైంది?"

వెనక పాతికమంది నిలబడి ఉన్నారు. కిటికీ పక్కన సుగుణమ్మ ఉంది. జోగారావు కలం బల్ల మీద పెట్టాడు.

"నేను సరదాకి ఒక కాగితం రాశానమ్మా. వాళ్లు నిజమనుకున్నారు. కాదని చెప్పవలసినప్పుడు చెప్పలేదు. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు కూడా నాకు తెలుసు, తెలిసే ఇచ్చాను. తిండి తినకపోవడం వల్ల కాదు. తప్పు నాది."

పైడమ్మ అతని ముఖంలోకి చూసింది.  

"మరి ఆ మాట ఆలకి రాయనేదా?"

"రాశానమ్మా. తిప్పి పంపేశారు."

"ఓలమ్మ! ఇంత సిన్న మాట అరగనేదేటి ఆలకి?"

ఆమె బిళ్లలు చీర కొంగున ముడేసుకుంది.

"సర్లే. నాకరిగింది. మోకాళ్లకి రాసుకునీ మందు కూడా ఇటియ్యి బాబూ, బస్సెల్లిపోద్ది."